నాయనమ్మ రూలు

2025 ఆగస్టు పదిహేనుకి మా అపార్ట్‌మెంట్లలో పిల్లలకి ఫుట్‌బాల్ పోటీలు పెట్టారు. నాలుగు టవర్లు, నాలుగు జట్లు. డబ్లిన్ నుంచి సెలవులకి వచ్చిన మా మనవడు అప్పటికి నెలరోజులుగా మా ఇంట్లోనే ఉన్నాడు. పదమూడేళ్ళవాడు. లేచింది మొదలు బంతే వాడి లోకం. స్నానాలగదిలోకి కూడా బంతి తీసికెళ్ళే రకం. ఉత్సాహంగా వెళ్ళి బి టవరు తరఫున పేరిచ్చి వచ్చాడు. రాత్రి భోజనాల వేళకి జవాబు వచ్చింది. ఇక్కడ కాపురముండేవాళ్ళే ఆడాలిట, గెస్టులు ఎలిజిబుల్ కారుట.

పప్పన్నం కలుపుకుంటున్న చెయ్యి ఆపేసి, "నేను గెస్టునా నాయనమ్మా?" అన్నాడు.

"నువ్వు గెస్టేమిట్రా నీ మొహం! తిను ముందు," అన్నానే గాని నాకూ ముద్ద దిగలేదు. ఎంచేతంటే, తొమ్మిది నెలల కిందట దాదాపు ఇలాంటి ప్రశ్నే నేను వాణ్ణి అడిగాను. వాడిచ్చిన జవాబుకి రెండు రోజులపాటు మొహం ముడుచుకు కూచున్నాను. పన్నెండేళ్ళ పిల్లాడి మీద డెబ్భై దాటినదాన్ని అలగడం ఎంత అందంగా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆ సంగతి ముందు చెప్పాలి.

2024 నవంబరులో మా ఆడపడుచు మనవరాలి పెళ్ళికని మా అబ్బాయి భార్యనీ కొడుకునీ తీసుకుని పదిరోజులకి వచ్చాడు. పెళ్ళిళ్ళలో ఆ వయసు మగపిల్లలకి ఏం తోస్తుంది చెప్పండి! సరిగ్గా ఆ రోజుల్లోనే, 18వ తేదీన, గచ్చిబౌలి స్టేడియంలో భారతదేశానికీ మలేషియాకీ మ్యాచి ఉందని వాడే కనిపెట్టాడు. వాళ్ళ నాన్నని డబ్లిన్ ఆఫీసు ఇక్కడికొచ్చినా వదల్లేదు. కోడలికి పెళ్ళివారింట్లో చేతినిండా పని. "నేను తీసికెళ్తా పద," అన్నాను. అందరూ నవ్వారు. నవ్వనీండి. మావారు బతికున్న రోజుల్లో ఫతే మైదాన్లో, అదే లాల్ బహదూర్ స్టేడియంలో, నేనెన్ని మ్యాచీలు చూశానో వీళ్ళకేం తెలుసు? పెళ్ళయిన కొత్తలో సినిమాకని చెప్పి పట్టుచీర కట్టించి మ్యాచికి తీసుకుపోయిన మహానుభావుడాయన.

మా కొండాపూర్ నుంచి గచ్చిబౌలి ఎంత దూరం గనక! మామూలు వేళైతే పావుగంట. ఆఫీసులు వదిలే వేళ కావడంతో కొత్తగూడ ఫ్లైఓవరు మీదే సగం సాయంత్రం గడిచిపోయింది.

ఆట మొదలై ఇరవై నిమిషాలైనా కాలేదు, మన గోలీ ఎందుకోగాని గోలు వదిలి ముందుకు పరిగెత్తుకొచ్చాడు. మలేషియా ఆటగాడు బంతి తప్పించి ఖాళీ గోల్లోకి తోసేశాడు. స్టేడియం అంతా నిట్టూర్చింది. మావాడు మాత్రం తాపీగా, "వాడి పేరు పాలో జోస్వే. బ్రెజిల్ వాడు," అన్నాడు.

"బ్రెజిల్ వాడికి మలేషియా బట్టలేమిట్రా?"

"ఏళ్ళతరబడి అక్కడే ఉండి ఆడాడు నాయనమ్మా. వాళ్ళు పౌరసత్వం ఇచ్చేశారు."

తర్వాత 39వ నిమిషంలో మన రాహుల్ భెకె తలతో కొట్టి సమం చేశాడు. అక్కడితో సరి. ఆ ఏడాది మొత్తంలో మనవాళ్ళు ఒక్క మ్యాచీ గెలవలేదు. ఆ మాత్రం డ్రాకే మేమిద్దరం చేతులు వాచేటట్టు చప్పట్లు కొట్టాం. వాడూ నాతో సమానంగా 'ఇండియా, ఇండియా' అని గొంతు చించుకున్నాడు. ఆ ధైర్యంతోనే, బయటికి వచ్చి మొక్కజొన్నపొత్తు కొనిచ్చి, అడిగాను: "పెద్దయ్యాక నువ్వు కూడా ఇండియాకి ఆడతావుట్రా నాన్నా?"

వాడు తడుముకోలేదు. "ఐర్లండ్‌కి ఆడతాను," అన్నాడు.

పొత్తు మీది ఉప్పూకారం చప్పబడిపోయాయి నాకు. అంతసేపూ అరిచిన అరుపు మరి ఎవరికోసం? అదే అడిగాను. వాడు నావంక జాలిగా చూసి, "అది కాదు నాయనమ్మా. నేను ఆడతానన్నా ఇండియా నన్ను తీసుకోదు," అన్నాడు. ఇంటికొచ్చాక నేను అలిగి పడుకుంటే, రెండోరోజు సాయంత్రం మంచం పక్కన కూచుని బడిపంతులు లాగా విడమరిచి చెప్పాడు. నాకు అర్థమైనంతలో మీకూ చెబుతాను.

ఏ దేశానికి ఆడాలన్నా ముందు ఆ దేశపు పౌరుడై ఉండాలిట. కొత్తగా పౌరసత్వం పుచ్చుకున్నవాడైతే అది చాలదు. ఆ గడ్డ మీద వాడైనా పుట్టాలి, తల్లో తండ్రో పుట్టాలి, తాతో అవ్వో పుట్టాలి. ఇవేవీ లేకపోతే అయిదేళ్ళకి తక్కువ కాకుండా అక్కడ నివాసముండాలి. ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా పెట్టిన నియమం ఇది. చాలా దేశాలు అవ్వాతాతల పేరు చెప్పగానే రెండో పాస్‌పోర్టు చేతిలో పెడతాయి. మనదేశం రెండు పాస్‌పోర్టులు ఒప్పుకోదు. ఓ.సి.ఐ. కార్డని ఒకటుంది, దాంతో వచ్చి మన ఇంట్లో ఎన్నాళ్ళైనా ఉండొచ్చు, ఉద్యోగం చెయ్యొచ్చు. ఓటెయ్యకూడదు. దేశం తరఫున బంతి తన్నకూడదు. 2008లో కేంద్ర ప్రభుత్వం ఆ మాట గట్టిగా చెప్పేసిందిట.

"అంటే నేనిక్కడ పుట్టానన్నది నీకు పనికొచ్చే సంగతే, కాని పనికిరాదు. అంతేగా?" అన్నాను.

"అంతే. మా దగ్గరైతే దీన్ని గ్రానీ రూల్ అంటారు," అన్నాడు.

నాయనమ్మ రూలు! నా అలకంతా ఎగిరిపోయింది. మనవాళ్ళు ముత్తైదువల పేరునా, మూఢం పేరునా ఎన్ని నియమాలు పెట్టారుగాని, నాయనమ్మ పేరు మీద ఒక్క రూలైనా పెట్టారా!

ఐర్లండ్ వాళ్ళు ఈ రూలుని ముగ్గులో పిండిలా వాడుకున్నారు. పూర్వం కరువుకీ కూలికీ ఇంగ్లండూ స్కాట్లండూ వెళ్ళిపోయిన కుటుంబాలు వాళ్ళవి. జాక్ చార్ల్‌టన్ అని ఒకాయన, స్వయానా ఇంగ్లండ్ తరఫున 1966లో ప్రపంచ కప్పు గెలిచిన ఆటగాడు, ఐర్లండ్ జట్టుకి శిక్షకుడుగా వచ్చి, ఇంగ్లండులో ఆడుతున్న కుర్రాళ్ళలో ఎవరికి ఐరిష్ అవ్వ ఉందో ఏరించాడు. 1988 యూరో పోటీల్లో ఐర్లండ్ ఇంగ్లండుని 1-0తో ఓడించింది. ఆ గోలు కొట్టిన రే హౌటన్ పుట్టింది గ్లాస్గోలో. 1990లో ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళారు. ఆ జట్టులో టోనీ కస్కరీనో అని ఇంకొకడు. ఐర్లండ్ తరఫున ఏళ్ళకేళ్ళు ఆడి, చివరికి 2000లో తన ఆత్మకథలో రాసుకున్నాడు, వాళ్ళమ్మ పెంపుడు కూతురనీ, ఐరిష్ రక్తం తనలో లేదనీ. నాకది విని నవ్వు రాలేదు. పెంచిన తాత తాత కాకుండా పోతాడా?

అన్నట్టు, రూలు తిరగబడిన సందర్భాలూ ఉన్నాయి. డెక్లన్ రైస్ అని లండన్ కుర్రాడు, వాళ్ళ అవ్వాతాతలది కార్క్ పట్టణం. 2018లో ఐర్లండ్ తరఫున మూడు మ్యాచీలు ఆడి, 2019కి ఇంగ్లండ్ జట్టులో తేలాడు. మావాడికి అప్పుడు ఏడేళ్ళు. వాళ్ళ వీధిలో పిల్లలంతా వాడి బొమ్మలు చింపేశారుట. మన క్రికెట్ పిచ్చివాళ్ళకి చెప్పాలంటే, 2019లో ఇంగ్లండ్‌కి ప్రపంచ కప్పు గెలిపించిన కెప్టెన్ ఇయాన్ మోర్గన్ పుట్టి పెరిగింది డబ్లిన్లోనే. మన సన్‌రైజర్స్‌కి కూడా ఆడాడు.

ఇంతవరకూ సరదాగానే ఉంది. కాని మావాడికి బడిలో ఒక స్నేహితుడున్నాడు. వాళ్ళ నాన్నది ఉత్తరాన డెర్రీ పట్టణం. అక్కడి కథ వేరు.

1921లో ఆ చిన్న ద్వీపాన్ని రెండు ముక్కలు చేశారు. దక్షిణం స్వతంత్రమైంది, ఉత్తరం బ్రిటన్‌లోనే ఉండిపోయింది. ఉత్తరాన ప్రొటెస్టెంట్లు ఎక్కువమంది బ్రిటన్‌తోనే ఉందామనేవాళ్ళు, కేథలిక్కులు ఎక్కువమంది ఐర్లండ్‌తో కలవాలనేవాళ్ళు. ఫుట్‌బాల్ సంఘాలూ రెండయ్యాయి, బెల్‌ఫాస్ట్‌లో ఒకటి, డబ్లిన్‌లో ఒకటి. రెండూ మేమే అసలు ఐర్లండ్ అనేవి. ఎంత చోద్యమంటే, 1950 ప్రపంచ కప్పు అర్హత పోటీల్లో నలుగురు ఆటగాళ్ళు రెండు జట్లకీ ఆడేశారు! అప్పుడు గాని ఫిఫా కళ్ళెర్రజేయలేదు. రగ్బీకీ క్రికెట్‌కీ మాత్రం ఇప్పటికీ ద్వీపమంతటికీ ఒకే జట్టు. పొయ్యిలు వేరైనా పండక్కి ఒకే పాయసం వండుకునే అన్నదమ్ముల్లా.

ఉత్తరాన పుట్టిన కేథలిక్ పిల్లాడు ఫుట్‌బాల్ బాగా ఆడితే ఏమవుతుంది? బెల్‌ఫాస్ట్ వాళ్ళు వాణ్ణి చిన్నప్పటి నుంచీ జూనియర్ జట్లలో తర్ఫీదు చేస్తారు. మ్యాచికి ముందు బ్రిటిష్ రాజుగారి గీతం వాయిస్తే తల వంచుకు నిలబడతాడు. 1998లో జరిగిన శాంతి ఒప్పందం ప్రకారం ఉత్తరాన పుట్టినవాళ్ళు తాము ఐరిషా, బ్రిటిషా, రెండూనా అని తామే చెప్పుకోవచ్చు. అంచేత ఆ పిల్లాడు పెద్దయ్యాక నేను డబ్లిన్ జట్టుకే ఆడతానని వెళ్ళిపోతాడు. డెర్రీ వాళ్ళు డారన్ గిబ్సన్, జేమ్స్ మెక్లీన్ అలాగే వెళ్ళారు. పెంచింది మేము, ఎత్తుకుపోయింది మీరు అని బెల్‌ఫాస్ట్ వాళ్ళ గోల. చివరికి 2010లో స్విట్జర్లండ్‌లోని క్రీడా న్యాయస్థానం వెళ్ళేవాళ్ళకి వెళ్ళే హక్కు ఉందని తీర్పు చెప్పింది.

వెళ్ళకుండా ఉండిపోయినవాళ్ళకి సుఖమా అంటే అదీ లేదు. నీల్ లెనన్ అని కేథలిక్ ఆటగాడు ఉత్తర ఐర్లండ్‌కే ఆడాడు. 2002లో బెల్‌ఫాస్ట్‌లో సొంత దేశపు జట్టుకి నాయకత్వం వహించాల్సిన రోజున, చంపేస్తామని ఫోను వచ్చింది. ఆడకుండా ఇంటికి వెళ్ళిపోయి, మళ్ళీ ఆ జెర్సీ వేసుకోలేదు.

ఇదంతా చెప్పి మావాడు, "నీకు అర్థం కాదులే నాయనమ్మా, కాంప్లికేటెడ్," అన్నాడు.

నాకా అర్థం కానిది! నేను పుట్టింది 1953లో, హనుమకొండలో. అప్పుడది హైదరాబాద్ రాష్ట్రం. మావారిది తెనాలి, అప్పటికి మద్రాసు రాష్ట్రం. 1969లో నాకు పదహారేళ్ళు. తెలంగాణా ఉద్యమంలో మా అన్నలిద్దరూ బళ్ళు మానేసి ఊరేగింపుల్లో తిరిగారు. 1972లో జై ఆంధ్రా అని అటువైపు ఊరేగింపుల్లో తిరిగినవాళ్ళలో మా మరుదులున్నారు. 1975లో ఒకే ఆఫీసులో పనిచేస్తున్న మేమిద్దరం పెళ్ళి చేసుకుంటామనేసరికి మా బాపు, "ఆంధ్రోళ్ళింట్ల ఎట్ల పడ్తవు బిడ్డా?" అన్నడు. మా అత్తగారు నన్ను చూసి, "పిల్ల లక్షణంగానే ఉంది. మాటే కాస్త తిరిగితే బావుణ్ణు," అన్నారు. పాతికేళ్ళు తిరగలేదు. ఆవిడ పోయే ముందు మంచంలో ఉన్నప్పుడు నన్ను "జర పక్కకి జరుగమ్మా" అనడం నేను చెవులారా విన్నాను.

పోలిక ఎక్కువ లాగకూడదనుకోండి. అక్కడ ముప్ఫై ఏళ్ళలో మూడున్నర వేలమందికి పైగా చచ్చిపోయారు. ఇక్కడా 1969లో కడుపుకోత పడ్డ తల్లులున్నారు గాని, ఒక మ్యాచి ఆడడానికి భయపడే రోజు మాకు రాలేదు.

అర్హత అనే మాటకి మా ఇంట్లో ఎప్పుడూ ఒక ఫైలుండేది. నిజాంగారి 1919 ఫర్మానా ప్రకారం ముల్కీ కావాలంటే పదిహేనేళ్ళు ఇక్కడ కాపురముండి, తిరిగి మా ఊరు పోము అని రాసివ్వాలి. ఫిఫా అయిదేళ్ళు దాని ముందెంత! 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాక లెక్క మారింది. పదో తరగతి పరీక్షకి కూచునేటప్పటికి వరసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివితే అక్కడి లోకలు. మా అబ్బాయి స్టడీ సర్టిఫికెట్లన్నీ నేను ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో పట్టుచీరల కింద దాచాను. చీరలు పోయినా ఫర్వాలేదు, అవి పోకూడదు. అంత భద్రంగా లోకలుగా పెంచిన పిల్లాడు డబ్లిన్ వెళ్ళి ఐరిష్ పౌరుడయ్యాడు. భారత పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేసిన రోజున వాడు నాకు ఫోను చెయ్యలేదు. కోడలు చెప్పింది. చేతకాని పని చేసినవాడిలా వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు వాడు.

మనవడి సంగతీ అంతే. ఐర్లండ్‌లో పుట్టినంత మాత్రాన ఐరిష్ పౌరులు కారు. 2004లో ప్రజల ఓటు తీసుకుని ఆ పద్ధతి తీసేశారు. తల్లిదండ్రులు అక్కడ చట్టప్రకారం మూడేళ్ళు ఉండి ఉండాలి. మావాడు అప్పటికి నాలుగేళ్ళ నుంచీ ఉద్యోగం చేస్తున్నాడు గనక 2012లో పుట్టిన పిల్లాడికి ఆ గడప దొరికింది. ఇదీ స్టడీ సర్టిఫికెట్ లాంటిదే చూడండి.

సరే, ఆగస్టుకి వద్దాం. మర్నాడు పొద్దున్నే నేను మా అపార్ట్‌మెంట్ల కార్యదర్శి గారింటికి వెళ్ళాను. మంచాయనే. కలకత్తా ఆయన. పాతికేళ్ళ కిందట సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి హైటెక్ సిటీకి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆ మాటకొస్తే మా లిఫ్టులో తెలుగు మాట వినబడితే ఎవరా అని తిరిగి చూస్తాం. జట్టు కట్టిన పిల్లల్లో కేరళవాళ్ళు, ఒడియావాళ్ళు, ఒక మణిపురి పిల్లాడు. వీళ్ళందరూ నివాసితులు. హనుమకొండ ఆడపడుచు మనవడు గెస్టు!

గోడ మీద మోహన్ బగాన్ జట్టు బొమ్మ చూడగానే నాకు ధైర్యం వచ్చింది. "హబీబ్‌ని ఎరుగుదురా?" అని హిందీలో అడిగాను.

ఆయన కుర్చీలో నిటారుగా కూచున్నాడు. "బడే మియా! 1977లో పీలే వచ్చినప్పుడు కాస్మాస్ మీద గోలు కొట్టాడు. మా నాన్న చూశారు," అన్నాడు.

"ఆయన హైదరాబాద్ పిల్లాడు. 1965-66లో సంతోష్ ట్రోఫీ ఫైనల్లో మీ బెంగాల్‌ని ఓడించిన ఆంధ్రప్రదేశ్ జట్టులో ఆడాడు. ఆ వెంటనే మీరు ఎత్తుకుపోయారు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ అన్నింటికీ ఆడించారు. మేం ఎలిజిబిలిటీ అడిగామా?"

మొహమాటం వదిలేశాను గనక ఇంకా చెప్పాను. ఇవన్నీ మావారి నోట వందసార్లు విన్నవే. రహీం సాహెబ్ బడిపంతులు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 నవంబరు ఒకటిన హైదరాబాద్ రాష్ట్రం లేకుండా పోయి ఆంధ్రప్రదేశ్ అయింది. ఆ నెలాఖరునే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టులో చాలామంది హైదరాబాదీలు. వాళ్ళు ఏ రాష్ట్రం వాళ్ళని ఎవరైనా అడిగారా? నాలుగో స్థానం తెచ్చారు. తులసీదాస్ బలరాం అమ్ముగూడలో పుట్టిన తమిళుల బిడ్డ. పోయింది 2023లో, బెంగాల్‌లో. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్, దక్షిణ కొరియా మీద. స్టేడియమంతా మనకి వ్యతిరేకం. రహీం సాహెబ్ కేన్సరుతో ఉన్నాడు. తలకి గాయం తగిలిన జర్నైల్ సింగ్‌ని డిఫెన్సు నుంచి తీసి ముందు ఆడించాడు, ఆయన గోలు కొట్టాడు. 2-1తో బంగారు పతకం. ఆ జర్నైల్ సింగ్ పుట్టింది లయల్‌పూర్ దగ్గర. పుట్టిన ఊరి లెక్కే తీస్తే పాకిస్తాన్‌కి ఆడాల్సినవాడు! 2024లో 'మైదాన్' సినిమా వచ్చాక ఈ కథ అందరికీ తెలిసింది గాని, మావారు 1975లోనే నాకు చెప్పారు, శోభనం గదిలో.

ఆఖరి ముక్క కార్యదర్శి గారికి చెప్పలేదులెండి.

ఆయన చాలాసేపు నవ్వి, కాగితం తీసి చదివాడు. "రూలు నేనే రాశానమ్మా, మార్చలేను. ఫ్లాటుకి ఒక రెసిడెంట్ అని ఉంది. మీ ఫ్లాటులో రెసిడెంటు ఎవరు?"

"నేనొక్కదాన్నే."

"మీరు ఆడతారా?"

"మోకాళ్ళు ఒప్పుకోవు."

"అయితే మీ బదులు ఒకరిని పంపండి," అని జాబితాలో నా పేరు రాసి, దాని పక్కన 'మనవడు' అని రాశాడు.

అలాగ నేను బి టవరు తరఫున ఆడాను. సెమీఫైనల్లో సి టవరు మీద 3-1తో ఓడిపోయాం. మా ఒక్క గోలూ మావాడిదే. వాళ్ళ మూడు గోళ్ళూ ఆ మణిపురి పిల్లాడివి. వాడి కాళ్ళలో ఏం మహత్తుందోగాని మావాడు ఓడిపోయినందుకు ఏడవకుండా వాడి వెనకే తిరిగాడు, మిగిలిన పదిరోజులూ.

మావాడు వెళ్ళిన తర్వాత సెప్టెంబరులో ఒక వార్త చదివి ఉలిక్కిపడ్డాను. మలేషియా జట్టులో ఏడుగురు ఆటగాళ్ళ మీద ఫిఫా పన్నెండు నెలల నిషేధం విధించింది. వాళ్ళు అర్జెంటీనాలో, బ్రెజిల్లో, స్పెయిన్లో, నెదర్లండ్స్‌లో పుట్టినవాళ్ళు. అవ్వాతాతలు మలేషియాలో పుట్టారని కాగితాలు పెట్టారు. ఫిఫా అసలు కాగితాలు తవ్వి తీస్తే ఆ అవ్వాతాతలు ఎవ్వరూ అక్కడ పుట్టలేదు! పాపం, ఎక్కడో సమాధిలో నిద్రపోతున్న ముసలమ్మ పుట్టిన ఊరు మార్చేశారు. మా గచ్చిబౌలిలో ఆడినప్పుడు వీళ్ళు లేరు, తర్వాత వచ్చారు. పాలో జోస్వే పాపం నిజాయితీగా నివాసముండి వచ్చినవాడే.

నవంబరులో ఒక ఆదివారం రాత్రి వీడియో ఫోను. మావాడి గొంతులో హడావుడి. ర్యాన్ విలియమ్స్ అనే ఆటగాడు, ఆస్ట్రేలియాలో పుట్టినవాడు, తల్లి బొంబాయి ఆంగ్లో ఇండియన్, ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదులుకుని భారత పౌరసత్వం తీసుకున్నాడుట. భారత జట్టు శిబిరానికి పిలిచారు. అంతకు ముందు జపాన్ తల్లికి పుట్టిన ఇజుమి అరాతా కూడా 2012లో అలాగే చేసి మనకి ఆడాడుట.

"వదులుకుంటే చాలు నాయనమ్మా!" అన్నాడు.

తెర మీద వాడి వెనకాల సోఫాలో మా అబ్బాయి కనబడుతున్నాడు. ఏదో చదువుతున్నట్టు తల వంచుకున్నాడు గాని పేజీ తిప్పడం లేదు. ఆ తల వంపు నాకు తెలుసు. పాస్‌పోర్టు ఇచ్చేసిన వారం ఇలాగే ఉండేవాడు.

"అంత మాట ఇప్పుడెందుకురా. ముందు ఎడమకాలితో తన్నడం నేర్చుకో," అన్నాను.

"నేర్చుకుంటా. నువ్వు ఇండియాలో పుట్టినట్టు సర్టిఫికెట్ ఉందా? దాచి పెట్టు. ఫిఫా అడుగుతుంది."

ఉంటే కదా. 1953లో హనుమకొండలో మా ఇంట్లో మంత్రసాని చేతిలో పుట్టాను. కాగితం ఎవరు రాశారు? బళ్ళో వేసేటప్పుడు పంతులుగారు మా బాపుని అడిగి, ఆయనకి గుర్తులేకపోతే తనకి తోచిన తారీకు వేశారు. బీరువా తెరిచి, చీరల కింది ఫైలు తీసి, నా మెట్రిక్ సర్టిఫికెట్టు కెమెరాకి చూపించాను. వాడు ఒక్కొక్క గీతా చదివించుకున్నాడు. పుట్టిన తేదీ ఉంది. పుట్టిన ఊరు లేదు. దాని కింద ఆనవాళ్ళని, కుడి మోచేతి దగ్గర ఒక పుట్టుమచ్చ అని రాసి ఉంది.

"అది ఉందా ఇంకా?" అన్నాడు.

జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని మోచెయ్యి ఫోనుకి దగ్గరగా పెట్టాను.

"సరిగ్గా కనబడటం లేదు నాయనమ్మా. కొంచెం లైటులోకి రా," అన్నాడు.